గులాబీ మొక్కలో రెండు మొక్కలు

సంక్రాంతికి ముందు నర్సరీకి వెళ్ళి మీరొక గులాబీ మొక్క కొన్నారనుకోండి. మోకాలెత్తు మొక్క. కొమ్మ చివర ఒకే ఒక్క పువ్వు, అరచేతి నిండా పట్టేంత పెద్దది, చక్కని ఎరుపు. తెచ్చి కుండీలో నాటి ఇంటిముందు పెట్టారు. రెండు మూడు నెలలు బాగానే పూసింది. ఎండాకాలంలో కాస్త వాడింది. తొలకరి వానలు పడగానే మొక్క అడుగునుంచి రెండు పొడవాటి కొమ్మలు బాణాల్లా లేచాయి. నిండా లేత ఆకులు. రోజురోజుకూ పెరిగిపోతున్నాయి. "మన గులాబీ ఎంత ఏపుగా ఉందో!" అని ఇంటిల్లిపాదీ సంతోషించి ఇంకో గుప్పెడు ఎరువు వేశారు.

చలికాలం వచ్చింది. ఎర్ర పువ్వు రాలేదు. చలికాలం పోతూ ఉండగా ఆ పొడుగు కొమ్మల చివర పూలు కనిపించాయి. తీరా చూస్తే అవి రూపాయి బిళ్ళంత తెల్ల పూలు, గుత్తులు గుత్తులుగా, ఐదేసి రేకులతో! ఎర్ర పువ్వు పూసిన పాత కొమ్మ మాత్రం ఎండి పుల్లలా నిలబడి ఉంది.

ఏమైంది? ఎర్ర గులాబీ తెల్ల గులాబీగా మారిపోయిందా? నర్సరీవాళ్ళు మోసం చేశారా? మట్టిలో దోషమా?

నా చిన్నప్పుడు మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఈ మూడు కారణాలనూ ఇంట్లో తలా ఒకరు చెప్పారు. మూడూ తప్పే. ఆ మొక్కను చంపింది మేమే. అదీ కోపంతో కాదు, ప్రేమగా నీళ్ళు పోసి, ఎరువు వేసి! అసలు సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది మీకు ముందుగానే తెలిస్తే మీ గులాబీ బతుకుతుంది.

అతుకు ఎక్కడుంది?

మీ ఇంట్లోనో, మీ బడిలోనో పెద్ద పూలు పూసే గులాబీ మొక్క ఉంటే దాని మొదలు దగ్గర కూర్చుని పరీక్షగా చూడండి. మట్టికి కాస్త పైన కాండం ఒకచోట ముడిలా ఉబ్బి ఉంటుంది. దాని పైన ఉన్నది ఒక మొక్క, కింద ఉన్నది ఇంకొక మొక్క. ఆ ముడి రెండింటి అతుకు.

పై మొక్క మీరు పూల కోసం కొన్నది. కింది మొక్కను వేరుమూలం అంటారు. అది చాలాసార్లు రోజా మల్టీఫ్లోరా వంటి అడవి జాతి గులాబీ. దాని పూలు చిన్నవి. కాని దాని వేళ్ళు మొండివి. పెద్ద పూల గులాబీలలో చాలా రకాల సొంత వేళ్ళు అంత బలంగా ఉండవు. అందుకని బలమైన వేళ్ళున్న మొక్కకు అందమైన పూలు పూసే మొక్కను అతికిస్తారు. మామిడి అంటు సంగతి మీకు తెలిసిందే. ఇదీ అలాంటిదే.

ఇప్పుడు ఆ పొడవాటి కొమ్మల రహస్యం అర్థమైంది కదూ! అవి అతుకు కిందనుంచి వచ్చాయి. అంటే అవి అడవి గులాబీ కొమ్మలు. వేళ్ళు వాటివే కనుక నీరూ పోషకాలూ ముందు అవే లాక్కున్నాయి. పై మొక్క ఆకలితో ఎండిపోయింది. ఎర్ర గులాబీ రంగు మారలేదు, చనిపోయింది. దాని స్థానంలో వేరే గులాబీ పెరిగింది.

హైబ్రిడ్ టీ అంటే?

పై మొక్క కథ కూడా తెలుసుకోవాలి. కొమ్మకొక పువ్వు, మధ్యలో మొనదేలి పైకి లేచిన మొగ్గ, చుట్టూ పొరలు పొరలుగా విచ్చుకునే రేకులు. ఇలాంటి గులాబీలను హైబ్రిడ్ టీ గులాబీలు అంటారు. టీ పోసి పెంచేవి కాబట్టి ఆ పేరు రాలేదు! వీటి పూర్వీకులైన కొన్ని చైనా గులాబీల వాసన కొందరికి తేయాకు వాసనలా అనిపించింది. అందుకని వాటిని టీ గులాబీలన్నారు.

యూరప్ పాత గులాబీలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూసేవి. చైనా తోటల గులాబీలు పదేపదే పూసేవి. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చైనా గులాబీలు ఓడలమీద యూరప్ చేరాయి. తోటమాలులు రెండింటినీ సంకరపరిచారు. 1867లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జాన్ బాప్టిస్ట్ గియో 'లా ఫ్రాన్స్' అనే గులాబీని విడుదల చేశాడు. దానినే మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా చెబుతారు.

అడవి గులాబీకి ఐదే రేకులు. మరి మన గులాబీకి అన్ని రేకులు ఎక్కడివి? పువ్వును విప్పి చూడండి. మధ్యలో కొన్ని రేకులు సన్నగా, వంకరగా, చివర పసుపు మచ్చతో కనిపించవచ్చు. అవి సగం రేకులు, సగం కేసరాలు. కేసరాలుగా కావలసినవి రేకులుగా మారడం వల్లనే ముద్దపూలు పుట్టాయి.

పసుపు రంగు కథ మరీ వింతైనది. ముదురు పసుపు హైబ్రిడ్ టీ గులాబీలు మొదట్లో లేవు. పెర్నే డ్యూషే అనే ఫ్రెంచి తోటమాలి ఏళ్ళ తరబడి శ్రమించి పర్షియన్ పసుపు గులాబీతో సంకరం సాధించాడు. 1900లో అతని 'సోలే దోర్' గులాబీ వెలువడింది. ఆ పేరుకు బంగారు సూర్యుడని అర్థం. కాని ఆ పర్షియన్ గులాబీకి నల్లమచ్చ తెగులు తేలికగా సోకుతుంది. రంగుతోపాటు ఆ బలహీనత కూడా సంతానానికి సంక్రమించింది. తల్లిదండ్రులనుంచి మనకు కావలసిన గుణాలు మాత్రమే రావు కదా! అందుకే ఇప్పటి శాస్త్రజ్ఞులు అందంతోపాటు తెగుళ్ళను తట్టుకునే శక్తినీ చూసి మొక్కలను ఎంపిక చేస్తున్నారు.

మన దేశంలో ఈ పని చేసినవారిలో డాక్టర్ బి. పి. పాల్ (1906-1989) ముఖ్యులు. ఆయన గోధుమ శాస్త్రజ్ఞుడు, భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్. తుప్పు తెగులును తట్టుకునే గోధుమ రకాలను రూపొందించారు. గులాబీలంటే ఆయనకు ప్రాణం. 'ఢిల్లీ ప్రిన్సెస్', 'డాక్టర్ హోమీ భాభా' వంటి గులాబీ రకాలు ఆయన సృష్టే. పంటకైనా పువ్వుకైనా పద్ధతి ఒకటే: సంకరపరచడం, విత్తులు నాటడం, వచ్చిన మొక్కల్లో మేలైనదాన్ని ఓపికగా ఎంచడం.

ఒక కన్ను, ఒక మొక్క

"మంచి గులాబీ దొరికాక దాని విత్తులు నాటితే సరిపోదా? ఈ అతుకులెందుకు?" అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఒకే తల్లిదండ్రుల పిల్లలు ఒకేలా ఉండరు కదా! సంకర గులాబీ విత్తులూ అంతే. ఏ విత్తునుంచి ఏ పువ్వు వస్తుందో చెప్పలేం. కావలసిన మొక్క మళ్ళీ కావాలంటే ఆ మొక్క ముక్కనే పెంచాలి.

అందుకు ఒక్క కన్ను చాలు. ఆకు తొడిమ కాండాన్ని కలిసేచోట చిన్న మొగ్గ ఉంటుంది. అదే కన్ను. అంటుకట్టేవారు వేరుమూలం బెరడుపై ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో గాటు పెట్టి, బెరడును మెల్లగా విప్పి, మంచి గులాబీనుంచి పలుచగా చెక్కిన కన్నును అందులోకి జారుస్తారు. కన్ను మాత్రం కనబడేలా వదిలి ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుడతారు. గోదావరి జిల్లాల్లో కడియం ప్రాంతం నర్సరీలకు ప్రసిద్ధి. అటు వెళ్ళినా, మీ ఊరి నర్సరీకి వెళ్ళినా ఈ పని ఎలా చేస్తారో చూపమని అడగండి.

లోపల ఏం జరుగుతుంది? బెరడు కింద కేంబియం అనే పలుచని పొర ఉంది. అందులోని కణాలు నిరంతరం విభజన చెందుతూ లోపలివైపు నీటిని మోసే గొట్టాలను, బయటివైపు ఆహారాన్ని మోసే గొట్టాలను తయారుచేస్తాయి. రెండు మొక్కల కేంబియం పొరలు ఒకదానికొకటి తగిలి ఉంటే వాటి కణాలు కలిసి పెరిగి గొట్టాలు అతుక్కుంటాయి. మూడు నాలుగు వారాల్లో కన్ను పచ్చగా నిలిచిందంటే అంటు పట్టినట్టే. అయినా రెండు మొక్కల జన్యువులు కలిసిపోవు. పైది పైదే, కిందిది కిందిదే.

'పీస్' అనే ప్రసిద్ధ గులాబీ కథ వినండి. పీస్ అంటే శాంతి. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మెయాన్ దీన్ని ఒకే ఒక్క విత్తు మొక్కనుంచి సాధించాడు. దీని కన్నులను ఇతర దేశాలకు పంపారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళ, 1945లో, అమెరికాలో దీనికి ఆ పేరు పెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న పీస్ మొక్కలన్నీ ఆ ఒక్క విత్తు మొక్క ముక్కలే!

పై మొగ్గ పెత్తనం

కన్ను అతుక్కున్నాక అంటుకట్టేవారు వేరుమూలం పైభాగాన్ని కత్తిరించేస్తారు. ఎందుకు? కొమ్మ చివర ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. అది కిందికి దిగుతూ కింది కన్నులను నిద్రలో ఉంచుతుంది. పైగా కొమ్మలోని చక్కెరలో ఎక్కువ భాగం చివరి మొగ్గకే పోతుంది. దీన్ని అగ్రాధిక్యత అంటారు. చివర తెగిపోగానే పెత్తనం పోయి కింది కన్నులు మేలుకుంటాయి.

గులాబీ కొమ్మలను కత్తిరించడంలోని కిటుకంతా ఇదే. దీనికి ఇంకో నిజం తోడవుతుంది. చాలా అడవి గులాబీల్లో "ఇప్పుడే పూయవద్దు" అని ఆపే జన్యువు ఒకటి ఉంది. అందుకని అవి ఏడాదిలో ఒక కాలంలోనే పూస్తాయి. చైనా గులాబీల్లో ఆ జన్యువు మధ్యలోకి మరో డీఎన్ఏ ముక్క వచ్చి దూరడంతో అది పనిచేయడం మానేసిందని 2012లో ఫ్రాన్సు, జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆపేవారు లేరు కనుక మన గులాబీలో కొత్తగా వచ్చే కొమ్మలు దాదాపు అన్నీ పువ్వుతోనే ముగుస్తాయి. అంటే ఎన్ని కొత్త కొమ్మలో అన్ని పూలు! కత్తిరిస్తే కొత్త కొమ్మలు, కొత్త కొమ్మలకు పూలు. కత్తెర పట్టడానికి జాలిపడేవారి గులాబీ పూయకపోవడానికి కారణం ఇదే.

చిన్న చోటుకు ఏ మొక్క?

ఇంటిముందు నాలుగడుగుల చోటో, మేడమీద మూడు కుండీలో ఉంటే పొట్టిగా, గుబురుగా పెరిగే రకం కావాలి. 'క్వీన్ ఎలిజబెత్' వంటివి ఎంతో అందమైనవే, కాని మనిషెత్తు పెరుగుతాయి. నర్సరీలో మొక్కను ఎంచేటప్పుడు పువ్వును చూసి మోసపోకండి. ఈ నాలుగు గుర్తులు చూడండి: ఆకుకూ ఆకుకూ మధ్య దూరం తక్కువగా ఉండాలి. అతుకు పైనుంచి కనీసం మూడు కొమ్మలు రావాలి. ఆకులు మందంగా, నిగనిగలాడుతూ ఉండాలి. కింది ఆకులపై మచ్చలు ఉండరాదు. అతుకు గట్టిగా ఉందో లేదో కూడా చూడండి.

కుండీ, మట్టి, నీళ్ళు

పన్నెండు అంగుళాల కుండీ, అడుగున నీరు పోయే చిల్లులు ఉండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. ఒక గుప్పెడు వేపపిండి చేర్చండి. కుండీని రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలేచోట పెట్టండి. మే నెలలో మాత్రం మధ్యాహ్నపు ఎండ తగలకుండా కాపాడాలి.

నాటేటప్పుడు అతుకు మట్టికి రెండంగుళాలు పైన ఉండాలి. చలిదేశాల పుస్తకాల్లో అతుకును మట్టిలో పూడ్చమని రాస్తారు. అక్కడ మంచుకు అతుకు గడ్డకట్టి చచ్చిపోతుందని భయం. మనకు ఆ భయం లేదు. పూడ్చితే అతుకు కుళ్ళవచ్చు, పైగా అడవి కొమ్మ ఎక్కడనుంచి వస్తోందో కనబడదు.

నీళ్ళు ఎప్పుడు పోయాలి? వేలిని మట్టిలో ఒక అంగుళం గుచ్చండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. పొద్దున్నే, మొదట్లో, కింది చిల్లునుంచి నీరు కారేదాకా పోయాలి. టీ పిప్పి వేయాలనుకుంటే పాలూ చక్కెరా పోయేలా కడిగి వేయండి, లేకపోతే చీమలు చేరతాయి.

కత్తెర పట్టే వేళ

వానలు వెనకబట్టాక, సాధారణంగా అక్టోబరులో, మొక్కను కత్తిరించాలి. కోస్తాలో అప్పటికీ వానలుంటే ఇంకొన్నాళ్ళు ఆగండి. ఎండిన కొమ్మలు, సన్నని కొమ్మలు, లోపలికి పెరిగి ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయాలి. మిగిలిన బలమైన కొమ్మలను సగానికి తగ్గించాలి. బయటివైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. బయటి కన్నునుంచి వచ్చే కొమ్మ బయటికే పెరుగుతుంది. మొక్క నడుమ గాలీ వెలుతురూ ఆడతాయి. కత్తెర పదునుగా ఉండాలి. ముందుగా స్పిరిటుతో తుడవాలి. ముళ్ళ మధ్య పని కనుక పెద్దవారిని పక్కన ఉంచుకోండి.

కోసిన నలభై అయిదు, యాభై రోజులకు పూలు వస్తాయి. వాడిన పువ్వును తొడిమ దగ్గర తుంపి ఊరుకోకండి. పువ్వు కింద మొదట ఒకటి, మూడు చిన్నాకులున్న ఆకులు కనిపిస్తాయి. వాటి దగ్గరి కన్నులు బలహీనం. ఐదు చిన్నాకులున్న మొదటి ఆకుదాకా దిగి దానిపైన కోయండి.

ఆకులు చెప్పే కబురు

వానాకాలంలో ఆకులపై అంచులు చెదిరిన నల్లని మచ్చలు వచ్చి, ఆకు పసుపై రాలిపోతే అది నల్లమచ్చ తెగులు. దీన్ని కలిగించే బూజు మొలకెత్తి ఆకులోకి చొరబడాలంటే ఆకు సుమారు ఏడు గంటలు తడిగా ఉండాలి. సాయంత్రం ఆకులమీద నీళ్ళు చల్లితే రాత్రంతా తడి ఆరదు. పొద్దున మొదట్లో పోస్తే బూజుకు ఆ అవకాశం ఉండదు. పైసా ఖర్చులేని మందు ఇది! రాలిన ఆకులను ఏరి దూరంగా పారేయండి.

లేత మొగ్గలపై పచ్చని చిన్న పురుగులు గుంపుగా ఉంటే అవి పేనుబంక. నీటి ధారతో కడిగేయండి. ఎర్రని వీపుపై నల్లచుక్కలున్న అక్షింతల పురుగు కనబడితే చంపకండి, అది పేనుబంకను తింటుంది. ఎండాకాలంలో ఆకులు దుమ్ముపట్టినట్టు పాలిపోతే ఆకు అడుగున ఎర్రనల్లి ఉందేమో చూడండి. పొద్దుటిపూట ఆకుల అడుగుభాగాన్ని నీటితో కడిగితే తగ్గుతుంది. ఎండ తగిలి ఆకులు త్వరగా ఆరిపోతాయి కనుక నల్లమచ్చ భయం ఉండదు.

అడవి కొమ్మను పట్టుకోవడం

ఏడు చిన్నాకులుంటే అడవి కొమ్మ, ఐదుంటే మంచి కొమ్మ అని చాలామంది చెబుతారు. ఈ గుర్తును పూర్తిగా నమ్మకండి. మంచి గులాబీకీ ఒక్కోసారి ఏడు వస్తాయి. తొందరపడి కోస్తే మంచి కొమ్మే పోతుంది. నమ్మదగిన పరీక్ష ఒక్కటే: కొమ్మ వెంట వేలును కిందికి జరుపుతూ వెళ్ళండి. అది అతుకు పైన కలిస్తే మీ గులాబీ, కింద కలిస్తే అడవి గులాబీ.

కింద కలిస్తే మట్టిని తొలగించి, అది పుట్టినచోట పట్టుకుని కిందికి లాగి పెరికేయండి. మట్టి మట్టానికి కోస్తే మిగిలిన మొదట్లోని కన్నులు మేలుకుని ఒకటికి మూడు లేస్తాయి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!

చేసి చూడండి

మీ గులాబీలో ఒకే లావున్న రెండు కొమ్మలను ఎంచుకోండి. ఒకదాని చివర కోయండి, రెండోదాన్ని అలాగే వదలండి. రెండింటికీ వేర్వేరు రంగుల దారాలు కట్టండి. పదిహేను రోజులపాటు ఏ కొమ్మపై ఎన్ని కన్నులు మేలుకున్నాయో నోటుపుస్తకంలో రాయండి. కోసిన కొమ్మపై మొదట మేలుకున్న కన్ను ఎన్నోది? అది ఏ దిక్కుకు చూస్తోంది? కొత్త కొమ్మ పువ్వుతో ముగిసిందా?

ఈ పని చేసే ముందు మాత్రం మొక్క మొదట్లో కూర్చుని అతుకును ఒకసారి చూడండి. అడుగునుంచి ఏపుగా లేచిన కొమ్మ ఏదైనా ఉందా? ఉంటే ఎరువు వేయడం ఆపి, ముందు వేలు పెట్టి అది ఎక్కడ పుట్టిందో వెతకండి. మేము ఆ రోజు చేయని పని అదొక్కటే.